అప్‌డేట్: రోత్కో చాపెల్ కోసం వయోలా, చెల్లో పీస్

హ్యూస్టన్‌లోని రోత్కో చాపెల్ (చిత్రకారుడు మార్క్ రోత్కో చిత్రాలున్న ప్రార్థనా మందిరం) వెలుతురును వయోలా, చెల్లోల (వయొలిన్ కంటే పెద్దవైన తీగ వాద్యాలు) సంగీతంలోకి ఎలా తేవాలని ఇంతకుముందు ఒక పోస్టులో అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. "స్వరం మార్చకు, తీగ మార్చు" అన్నది బాగా పనిచేసింది. వయోలాలో డి తీగను నొక్కకుండా మోగిస్తే స్వరం తేటగా ఉంటుంది. అదే స్వరాన్ని జి తీగ మీద చిటికెన వేలితో నొక్కి వాయిస్తే మసకబారుతుంది. చాపెల్‌లోని 14 చిత్రాలూ అంతే. పైన మబ్బు పట్టగానే నల్లగా కనిపిస్తాయి, అది తొలగితే నెమ్మదిగా ఊదారంగు తేలుతుంది. ఆ మార్పంటే నాకు ప్రాణం! అమెరికన్ స్వరకర్త మోర్టన్ ఫెల్డ్‌మన్ 1971లో ఈ చోటు కోసమే రాసిన రచనలో వయోలాతో పాటు కోరస్, తాళవాద్యాలు ఉన్నాయి. నేను వాటి జోలికి పోలేదు, రెండు వాద్యాలే చాలు. చెల్లో భాగం ఇంకా కాస్త బరువుగా ఉంది, దాన్ని పలచన చేస్తున్నాను.