ఏబలం, పదలం, అచ్చేరు: పాత పెట్టెలో దొరికిన తూనికరాళ్ళ సంగతి

ప్రశ్న
పాత ఇనప్పెట్టెలో నాలుగు తూనికరాళ్ళు దొరికాయి. పైన అక్షరాలేవీ కనిపించడం లేదు. వంటింటి ఎలక్ట్రానిక్ కాటా మీద పెడితే 173, 347, 1394, 462 గ్రాములు తూగాయి. ఇంట్లో పెద్దవాళ్ళు మొదటి మూడింటినీ ఏబలం, పదలం, వీశె అంటున్నారు. నాలుగోదాని పేరు వాళ్ళకీ తెలియదు. ఈ మాటలకి అర్థం ఏమిటి? నాలుగోది ఏ రాయి?

గుంటూరు నుంచి
మీ పెద్దవాళ్ళు చెప్పింది సరిగ్గా ఉందండీ. అన్నిటికీ మూలం పలం. మూడు తులాలు ఒక పలం. తులం 11.66 గ్రాములు కాబట్టి పలం దాదాపు 35 గ్రాములు. 40 పలాలు వీశె, అంటే 1400 గ్రాములు. ఎనిమిది వీశెలు మణుగు, ఇరవై మణుగులు బారువ. ఇవి మద్రాసు రాజధాని (బ్రిటిష్ కాలపు మద్రాసు ప్రెసిడెన్సీ) లెక్కలు. మద్రాసు వర్తకుల వీశె ఇంకాస్త బరువు, దాదాపు 1417 గ్రాములు. అందుకని పది, పదిహేను గ్రాముల తేడా చూసి రాయి దొంగదని అనుకోకండి.

ఇక పేర్లు. ఏను అంటే ఐదు. ఏబది, ఏనూరు అన్న మాటల్లో ఉన్నది అదే. ఏను, పది కలిసి ఏబది అయినట్టే ఏను, పలం కలిసి ఏబలం. ఐదు పలాలు, వీశెలో ఎనిమిదో వంతు, 175 గ్రాములు. పది పలాలు పదలం, 350 గ్రాములు. ఇరవై పలాలు అర్ధవీశె, 700 గ్రాములు. మీ పెట్టెలో లేనిది ఇదే. ఇంకోసారి వెతకండి, ఆ వరసలో అది ఉండి తీరాలి.

ఏబలం అంటే యాభై పలాలనుకునేవాళ్ళు ఉన్నారు. అలా అయితే అది వీశె కంటే పెద్దదవుతుంది. రాయిని చేత్తో పట్టుకుంటే ఆ అనుమానం తీరిపోతుంది.

కరీంనగర్ నుంచి
ఆ నాలుగోది అచ్చేరు అయి ఉంటుంది. అర సేరు. ఇది వీశె వరసలోది కాదు, సేరు వరసలోది. 80 తులాల సేరు 933 గ్రాములు, అందులో సగం 466.5. పావుసేరు 233, నవటాకు (సేరులో ఎనిమిదో వంతు) 117, ఛటాకు (పదహారో వంతు) 58. నలభై సేర్లు పెద్ద మణుగు, 37.3 కిలోలు. గుంటూరు వారు చెప్పిన మణుగు పదకొండు కిలోల పైచిలుకే కాబట్టి పాత లెక్కల పుస్తకాల్లో మణుగు అన్న మాట కనిపిస్తే ముందు ఏ మణుగో తేల్చుకోవాలి.

రెండు వరసల రాళ్ళు ఒకే పెట్టెలో ఉండటంలో వింతేమీ లేదు. 80 తులాల సేరుని బ్రిటిష్ ఇండియా అంతటికీ ప్రమాణం చేస్తూ 1939లో చట్టం వచ్చింది. అయినా వీశెతో కొనే అలవాటు పోలేదు. కొట్టువాళ్ళు రెండు రకాలూ దగ్గర పెట్టుకున్నారు.

గుంటూరు నుంచి
462 కాబట్టి ఇంకో మాట చూసుకోవాలి. ఇంగ్లీషు పౌను 453.6 గ్రాములు. అచ్చేరు తుప్పు పట్టి నాలుగైదు గ్రాములు తగ్గితే 462 అవుతుంది. పౌను ఎనిమిది గ్రాములు పెరగడం కష్టం. తుప్పు రాలిపోకుండా అంటుకునే ఉంటే ఇనుము గాలిలోంచి తీసుకున్న ఆక్సిజన్ వల్ల బరువు కాస్త పెరుగుతుంది గాని, అంత పెరగాలంటే రాయి పెచ్చులు పెచ్చులుగా ఉబ్బి ఉండాలి. మీది నున్నగా ఉంటే అచ్చేరే. దాని పక్కన 233 దొరికితే మరి సందేహం ఉండదు.

అడుగున చిన్న గుంట ఉందా, అందులో సీసం ఉందా? చూసి చెప్పండి.

ప్రశ్న అడిగినవారు
ఉందండీ. 462 రాయి అడుగున బూడిదరంగు మెత్తని లోహం, దాని మీద ఏదో గుర్తు కొట్టినట్టుంది. 173 దానికి గుంట ఉంది గాని ఖాళీ.

విశాఖపట్నం నుంచి
ఆ మెత్తనిది సీసమే. పోత పోసిన ఇనప రాయి సరిగ్గా తూగదు. అందుకని కావాలనే కాస్త తక్కువగా పోసి, గుంటలో సీసం పోసి బరువు సరిచేస్తారు. తూనికల అధికారి ముద్ర కొట్టేది కూడా ఆ సీసం మీదే. సీసం ఊడిపోతే రాయి తేలికవుతుంది. ఖాళీ గుంట ఉండి కూడా మీ ఏబలం రెండు గ్రాములే తగ్గిందంటే పోయిన సీసం చాలా కొద్ది, లేదా పోత పోసినప్పుడే రాయి కొంచెం ఎక్కువ తూగి ఉంటుంది.

ముద్ర చదవాలంటే చింతపండు, ఉప్పుకాగితం జోలికి పోకండి. ముద్ర అరిగిపోతే మళ్ళీ రాదు. పొడి బ్రష్షుతో దుమ్ము దులిపి, మెత్తని ముగ్గుపిండి చిటికెడు రాసి, పైపైన గుడ్డతో తుడవండి. పిండి గీతల్లో నిలుస్తుంది. తర్వాత టార్చి పక్కవాటుగా వేసి చూడండి. నిటారుగా వేస్తే నీడ పడదు, గీత కనిపించదు. పని అయ్యాక కొబ్బరినూనె గుడ్డతో ఇనుముని మాత్రం తుడవండి. సీసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పిల్లలకి ఆడుకోను ఇవ్వకూడదు.

రాయి ఆరు పలకలుగా ఉంటే మాత్రం ముందు కిలోల లెక్కే అనుకోండి. 1956 చట్టం తర్వాత, 1958 నుంచి దశలవారీగా వచ్చిన మెట్రిక్ ఇనప రాళ్ళు ఆ ఆకారంలోవే.

కరీంనగర్ నుంచి
కాటా మీద నమ్మకం లేకపోతే బ్రిటిష్ కాలపు వెండి రూపాయిలతో సరిచూడండి. ఆ రూపాయి సరిగ్గా తులం. మూడు రూపాయిలు పలం, పదిహేను ఏబలం, ముప్పై పదలం. కాని మా వైపు ఇళ్ళలో చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ రూపాయిలు ఎక్కువ. అవి దాదాపు 11.18 గ్రాములే. వాటితో సేరు తూస్తే దాదాపు 40 గ్రాములు తగ్గుతుంది, తప్పు రాయి మీదికి పోతుంది.

"సేరుకు సవాసేరు" అన్న మాట కూడా ఈ రాళ్ళదే. సవా అంటే ఒకటింబావు. సేరు రాయికి ఎదురుగా సేరు, పావుసేరు కలిపి పెడితే సవాసేరు, 1166 గ్రాములు. ఒకడు మొనగాడైతే ఎదుటివాడు పావు వంతు ఎక్కువ మొనగాడని అర్థం.

నెల్లూరు నుంచి
పాత వంటల నోటుపుస్తకాలు చదివేవాళ్ళకి ఒక హెచ్చరిక. మద్రాసు లెక్కలో ఎనిమిది పలాలని కూడా సేరు అనేవారు. 24 తులాలు, 280 గ్రాములు. దీన్ని కచ్చా సేరు అని, 80 తులాలదాన్ని పక్కా సేరు అని విడదీసి చెప్పేవారు. "సేరు బెల్లం" అని రాసి ఉన్నచోట 933 గ్రాములు వేస్తే పాకం మూడింతలు దాటుతుంది. అదే పుటలో వీశె, పదలం ఉంటే ఆ సేరు కచ్చాది. నవటాకు, ఛటాకు ఉంటే పక్కాది.

బియ్యం, పప్పుల దగ్గర ఈ లెక్కలేవీ పనికిరావు. అప్పట్లో వాటిని కొలిచేవారు, తూచేవారు కాదు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. "కుంచెడు గింజల కూలికి పోతే తూమెడు గింజలు దూడ మేసింది" అంటే సంపాదించినదానికి నాలుగింతలు పోయిందన్నమాట. కొలపాత్ర దొరికితే అంచు దాకా నీళ్ళు పోసి తూచండి, గ్రాముకి ఒక మిల్లీలీటరు. మానిక పరిమాణం ఊరూరికీ మారేది కాబట్టి ఒక్క పాత్ర చూసి పేరు చెప్పలేం. ఇంట్లో ఉన్నవన్నీ వరసగా పెట్టి, ఏది దేనికి రెట్టింపో, ఏది నాలుగింతలో చూడాలి.

ప్రశ్న అడిగినవారు
ముగ్గుపిండితో సీసం మీద ముద్ర తేలింది, అంకె సగం చెరిగింది. పెట్టె అడుగున పాత గుడ్డలో చుట్టి ఇంకొకటి ఉంది. 698 గ్రాములు తూగింది.

గుంటూరు నుంచి
అదేనండీ అర్ధవీశె.