పాప పుట్టిందని పెద్దోడిని ఊరికి పంపేయమంటున్నారు. పంపాలా?

మియాపూర్_అమ్మ
బాబుకి రెండేళ్లు దాటి మూడు నెలలు. పాపకి ఇంకా రెండో నెల. కాన్పుకి అమ్మే హైదరాబాద్ వచ్చింది. తెనాలి దగ్గర ఊళ్లో నాన్న ఒక్కడే ఉన్నాడు, వరి కోతలు దగ్గరపడ్డాయి, ఇక తను వెళ్లాలి. పాప కూర్చునే దాకా బాబుని తీసుకెళ్తానంటోంది. మా ఆయన సరే అన్నారు. నేను పాలిస్తుంటే వాడు వచ్చి దాని కాలు పట్టుకుని లాగుతాడు. బాత్రూంలోకి వెళ్తే తలుపు బాదుతాడు. పాప పడుకోగానే వాడు లేస్తాడు. వాడిని పంపితే నాకు నిద్ర దొరుకుతుంది, కాదనను. మనసే ఒప్పట్లేదు. పంపినవాళ్లు, పంపనివాళ్లు చెప్పండి.

పెన్నాతీరం
పంపమ్మా. దీనికింత ఆలోచనా? మా కాలంలో రెండో కాన్పు వచ్చిందంటే పెద్దపిల్ల అమ్మమ్మ పక్కలోకి మారడమే. బాలింతకి నిద్ర లేకపోతే ఒళ్లు ఎట్లా కుదుటపడుతుంది? అక్కడ వాకిలి ఉంటుంది, కోళ్లుంటాయి, ఎత్తుకునే చేతులు పది ఉంటాయి. అంగన్‌వాడీలో కాసేపు కూర్చోబెట్టొచ్చు. అపార్ట్‌మెంట్‌లో ఏముంది, బాల్కనీ గ్రిల్లు. మా అమ్మాయి కొడుకుని పది నెలలప్పటి నుంచి నెల్లూరులో నేనే పెంచాను. బంగారంలా పెరిగాడు.

కొలతచెంచా
ఒకటే అడుగుతా. ఊళ్లో వాడికి టీ పోస్తారా? మా అత్తగారు రోజూ రస్కు టీలో ముంచి పెట్టేవారు. టీ తాగితే తిన్నదాంట్లో ఐరన్ సరిగ్గా ఒంటబట్టదు. ముందు ఆ సంగతి తేల్చుకుని పంపండి.

గోంగూర_పప్పు
మూడేళ్ల గ్యాప్ ఉండాల్సింది.

ఇద్దరు_కవలల_తల్లి
@గోంగూర_పప్పు ఇప్పుడు పాపని వెనక్కి పంపమంటావా?

ఎర్రమట్టి
పంపకండి. ఇది నేను చదివి చెప్పడం లేదు. తమ్ముడు పుట్టినప్పుడు నన్ను ఇలాగే మా అమ్మమ్మగారి ఊరు పంపారు. నాలుగు నెలలే అన్నారు. ఆ తర్వాత తమ్ముడికి జ్వరాలన్నారు, నాన్నకి బదిలీ అన్నారు, చివరికి ఒకటో తరగతిలో చేర్చడానికి తీసుకొచ్చారు. తమ్ముడు మాత్రం ఒక్కరోజు కూడా అమ్మని వదిలి ఉండలేదు. అమ్మమ్మ నాకేం లోటు చేయలేదు, ప్రాణంగా చూసింది. కానీ ఇంటికొచ్చాక నేను చుట్టానిలా ఉన్నాను. ఫ్రిజ్ తీయడానికి కూడా అడిగేవాణ్ణి. పాప కూర్చునే దాకా అంటున్నారు కదా, అప్పుడు పాప పాకుతుంది, ఇంకా కష్టమవుతుంది. అప్పుడు పిలిపిస్తారా?

పెన్నాతీరం
బాబూ, నీకు జరిగింది వేరు. మీ వాళ్లు మాట మీద నిలబడలేదు. దానికి అమ్మమ్మల మీద పడితే ఎట్లా? ఈ అమ్మాయి అడిగేది కొన్ని నెలల గురించి. రోజూ వీడియో కాల్ ఉంది. మాకు అదీ లేదు, ఉత్తరాలే.

ఎర్రమట్టి
నేను అమ్మమ్మల మీద పడలేదు. రెండేళ్ల పిల్లాడికి "కొన్ని నెలలు" అంటే ఏం తెలుస్తుంది? పాప వచ్చింది, నేను పోయాను, వాడికి అంతే అర్థమవుతుంది. వీడియో కాల్‌లో అమ్మ ఒళ్లో పాప కనబడుతుంది. రోజూ చూపించడం ఇంకా అన్యాయం.

ఇద్దరు_కవలల_తల్లి
అంగన్‌వాడీలో ప్రీస్కూల్ మూడేళ్లు నిండాకే. అంతకు ముందైతే బాలామృతం ప్యాకెట్ ఇంటికిస్తారు.

పెన్నాతీరం
మా ఊళ్లో కూర్చోబెడతారు. ఆయమ్మ మాకు తెలిసినావిడే.

ఇద్దరు_కవలల_తల్లి
తెలిసినావిడ కూర్చోబెట్టడం వేరు, రూలు వేరండీ.

కొలతచెంచా
టీ గురించి ఎవరూ మాట్లాడలేదు.

ప్లేనో_నాన్న
మేం టెక్సాస్‌లో ఉంటాం. ఇక్కడ ఈ తంతు వీసా ప్రకారం నడుస్తుంది. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. ముందు మా అత్తమామలు వచ్చారు, వాళ్లు వెళ్లే వారం మా అమ్మానాన్న దిగారు. ఆ తర్వాత డేకేర్. ఇద్దరికీ కలిపి కట్టే ఫీజు మా ఇంటి అద్దెని మించిపోయింది. తెలిసినవాళ్లు బాబుని విజయవాడ పంపి, ఏడాది దాటాక తెచ్చుకున్నారు. ఎయిర్‌పోర్ట్‌లో తల్లి చేతులు చాపితే వెళ్లలేదట. కొన్ని వారాలకి సర్దుకున్నాడు. ఆవిడే ఇంకా సర్దుకోలేదు.

పెన్నాతీరం
సర్దుకున్నాడు కదా. పిల్లలు సర్దుకుంటారు. నేను చెప్పేదీ అదే.

ఎర్రమట్టి
సర్దుకున్నారని మీరు అనుకుంటారు. పోనీ, మీరు పెంచిన మనవడు ఇప్పుడు మీకు ఫోన్ చేస్తాడా? వాణ్ణి అడిగి చూడండి, ఎలా సర్దుకున్నాడో చెబుతాడు.

గోంగూర_పప్పు
అన్నా, పెద్దావిడతో అలా మాట్లాడకు.

పెన్నాతీరం
మాట్లాడనీ. ఫోన్ చెయ్యడు. నెలకోసారి వాళ్లమ్మ చేసి వాడి చేతికిస్తే "బాగున్నా" అని ఇచ్చేస్తాడు. మూడేళ్లు దాటేదాకా నా పక్కలో పడుకున్న పిల్లాడు. జ్వరమొస్తే రాత్రంతా భుజాన వేసుకుని తిరిగాను. నా మోకాళ్లు అప్పుడు పోయినవే. స్కూల్ అడ్మిషన్ అని ఒక ఆదివారం వచ్చి, వాడు నిద్రలో ఉండగా కారులో పడుకోబెట్టుకుని వెళ్లారు, ఏడుస్తాడని. నేను ఏడుస్తానని ఎవరికైనా తోచిందా? మంచం కింద వాడి చెప్పు ఒకటి మిగిలిపోతే పారెయ్యలేక దాచాను. అందరూ తల్లి నిద్ర గురించి, పిల్లాడి మనసు గురించి మాట్లాడతారు. పెంచినదాన్ని ఎవరడిగారు? పంపేటప్పుడూ అడగలేదు, తీసుకెళ్లేటప్పుడూ అడగలేదు.

ఎర్రమట్టి
మరి పంపమని ఎందుకు చెబుతున్నారు?

పెన్నాతీరం
కూతురు పడిపోతుంటే ఏ తల్లీ లెక్కలు వేసుకుని కూర్చోదు. అది నీకు అర్థం కాదు.

ఎర్రమట్టి
ఎందుకు అర్థం కాదు? మా అమ్మమ్మ కూడా అలాగే ఒప్పుకుని ఉంటుంది. నా గురించే కాదు, ఆవిడ గురించి కూడా ఎవరూ అడిగి ఉండరు.

పెన్నాతీరం
ఆవిడ మాట నువ్వు చెప్పకు.

నైట్‌షిఫ్ట్_నర్సు
ఇంతమంది ఇంత రాశారు. పిల్లల తండ్రి గురించి "సరే అన్నారు" అని ఒక్క ముక్కే ఉంది. @మియాపూర్_అమ్మ రాత్రిళ్లు ఆయన ఎవరిని చూస్తారు?

మియాపూర్_అమ్మ
ఆయన హాల్లో పడుకుంటారు. పొద్దున్నే ఆఫీసు కాల్స్ ఉంటాయని. బాబుకి రాత్రి అన్నం పెట్టేది అమ్మ, నిద్రపుచ్చేది అమ్మ. చెప్పాలంటే, ఊరికి తీసుకెళ్లే మాట అమ్మది కాదు. ముందు ఆయనే నాతో అన్నారు, నేను ఒప్పుకోలేదు. రెండు రోజులకి అదే మాట అమ్మ నోట వచ్చింది. అమ్మకీ మోకాళ్ల నొప్పులే. పైన ఆవిడ రాసింది చదివాక అమ్మని అడిగాను, నీకు చెయ్యగలనని ఉందా అని. "అల్లుడుగారు అడిగితే ఎట్లా కాదంటాను" అంది.

ఈఎంఐ_జీవి
ఇదిగో, చివరికి మగాడి మీదకే తెచ్చారు. ఆయనకి సెలవు ఎవడిస్తాడు? సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగులకి 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. ప్రైవేటులో కంపెనీ దయ. ఆడవాళ్లకి ప్రసూతి చట్టం 2017 సవరణతో ఇద్దరు పిల్లల దాకా 26 వారాల సెలవు వచ్చింది. మాకేం వచ్చింది? ఇంటి లోను కట్టేదెవరు?

నైట్‌షిఫ్ట్_నర్సు
సెలవు లేదు, ఒప్పుకుంటా. బాబు నిద్రపోయేది రాత్రి తొమ్మిదికి. తొమ్మిదికి వాడి పక్కన పడుకోవడానికి ఏ హెచ్‌ఆర్ పర్మిషన్ కావాలి? పాపకి పాలు ఈవిడే ఇవ్వాలి. పెద్దోడికి పాలు అక్కర్లేదు కదా. నేను రాత్రి డ్యూటీలు చేస్తూనే ఇద్దరిని పెంచాను. మా ఆయన పెద్దదాన్ని పూర్తిగా తీసుకున్నాడు, స్నానం, తిండి, నిద్ర అన్నీ. మొదటి వారం అది నా కోసం ఏడ్చింది. తర్వాత నేను ఎత్తుకుంటే నాన్న కావాలంది.

ఈఎంఐ_జీవి
అందరి ఇళ్లూ ఒకలా ఉండవు.

ఇద్దరు_కవలల_తల్లి
అన్ని ఇళ్లలో హాలు మాత్రం ఉంటుంది, పడుకోవడానికి.

ప్లేనో_నాన్న
@మియాపూర్_అమ్మ మీ ఆఫీసులో 50 మంది, అంతకు మించి ఉంటే క్రెష్ (పిల్లల్ని చూసుకునే చోటు) సౌకర్యం ఉండాలని చట్టంలో ఉంది. సెలవు అయిపోయేలోపు అడిగి పెట్టుకోండి. చాలామంది కాగితం మీదే చూపిస్తారు, వెళ్లి చూడండి.

పెన్నాతీరం
అమ్మాయ్, మీ అమ్మ మోకాళ్ల సంగతి తెలియక పంపమన్నాను. ఆవిడ చెయ్యలేనంటే పంపొద్దు. చెయ్యగలనంటే మాత్రం పంపు, ఎప్పుడు తీసుకెళ్తావో ఆ తేదీ ముందే చెప్పు. నిద్రలో ఎత్తుకుపోకు.

ఎర్రమట్టి
నేనైతే ఇప్పటికీ పంపొద్దనే అంటాను.

మియాపూర్_అమ్మ
అమ్మ ఆదివారం వెళ్తోంది, ఒక్కతే. బాబు ఇక్కడే ఉంటాడు. నిన్న రాత్రి ఆయన్ని వాడి పక్కన పడుకోమన్నాను. గంటన్నర ఏడ్చాడు. మధ్యలో ఆయన రెండుసార్లు లేచి నా దగ్గరికి తెచ్చారు, నేను తీసుకోలేదు. పొద్దున్నుంచి ఆయన నాతో మాట్లాడట్లేదు.

నైట్‌షిఫ్ట్_నర్సు
ఈ రాత్రి కూడా తీసుకోకు.

కొలతచెంచా
ఊరికి పంపట్లేదు కాబట్టి టీ సమస్య లేనట్టే. రస్కు పాలలో పెట్టండి.