‘అడ్డపడఁ దలంచె’ – డ్డ-నా, డ్డు-నా?

కూకట్‌పల్లి బోర్డు:
గజేంద్రమోక్షంలో ఒక ఆటవెలది చివరి పాదం కొన్నాళ్లుగా బుర్ర తినేస్తోంది. పుస్తకంలో ‘భక్తియుతున కడ్డపడఁ దలంచె’ అని ఉంది. నా చెవిలో మాత్రం ‘కడ్డుపడ’ అనే మోగుతోంది. రెండూ ఒకటేనా? ఊరికే అడగటం లేదు. నా దగ్గర నేర్చుకునే పిల్లల కోసం రిమోట్ డీబగ్గింగ్ మీద తెలుగులో నోట్సు రాస్తున్నాను. ప్రోగ్రాం ఎక్కడో ఒక చిన్న సర్క్యూట్ బోర్డు మీద నడుస్తుంటుంది, దానిలో తప్పులు వెతికే డీబగ్గర్ జీడీబీ మన లాప్‌టాప్‌లో ఉంటుంది, నడుస్తున్నదాన్ని ఆపడానికి నడుమ మనం కంట్రోల్-సి కొడతాం, అదే ఇంటరప్ట్. ఆ అధ్యాయానికి పేరు కావాలి. ‘అంతరాయం’ అంటే కరెంటు పోయినట్టుంది. ‘ఆటంకం’ అంటే ఎవరో పని చెడగొట్టినట్టుంది. ఇంటరప్ట్ కొట్టేది ప్రోగ్రాంని చెడగొట్టడానికి కాదు కదా, దాని బాధేమిటో చూడటానికి. అందుకే పోతన మాట మీద మనసు పడింది.

తార్నాక మాస్టారు:
పద్యం మొత్తం పెట్టుకుని మాట్లాడుకుందాం.

విశ్వమయత లేమి వినియు నూరక యుండి
రంబుజాసనాదు లడ్డపడక;
విశ్వమయుఁడు విభుఁడు విష్ణుండు జిష్ణుండు
భక్తియుతున కడ్డపడఁ దలంచె.

రెండుచోట్లా ‘అడ్డపడ’ అనే నేను చదువుకున్నాను. కానీ ఛందస్సు ఇక్కడ సాక్ష్యం చెప్పదు. ‘అడ్డ’ అన్నా ‘అడ్డు’ అన్నా గురులఘువులే, సూర్యగణం చెక్కుచెదరదు. యతి కూడా ఆ అక్షరం జోలికి పోదు. రెండో పాదంలో అంబుజాసనలోని ‘అ’కి అడ్డలోని ‘అ’, నాలుగో పాదంలో ‘భ’కి ‘ప’. కాబట్టి అర్థంతోనే తేల్చుకోవాలి.

జనగామ అక్క:
మా బమ్మెర పోతన మాట వచ్చాక ఊరుకోలేను. నా లెక్క ఇది: ‘అడ్డం’ వేరు, ‘అడ్డు’ వేరు. ఇద్దరు కొట్టుకుంటుంటే మధ్యలోకి దూకి ఒకణ్ణి కాపాడినవాడు ‘అడ్డం పడ్డాడు’. పెళ్లి చెడగొట్టినవాడు ‘అడ్డుపడ్డాడు’. పోతన ‘అడ్డ’ అన్నది అందుకే. ఉకారం పెడితే విష్ణువు ఏనుగు పనికే ఎదురొచ్చినట్టు అవుతుంది.

చిక్కడపల్లి పాఠకుడు:
అక్కా, మీ సూత్రం వినడానికి బాగుంది గానీ నిలవదు. మా వైపు ‘నన్ను కొట్టబోతే మా మామ అడ్డుపడ్డాడు’ అంటారు, అదీ కాపాడటమే. అసలు కీలకం ఉకారంలో లేదు, విభక్తిలో ఉంది. ‘భక్తియుతునకు’ అడ్డపడటం. మనిషికి అడ్డుపడితే రక్షణ, పనికి అడ్డుపడితే విఘ్నం.

జనగామ అక్క:
‘నేను పైకొస్తుంటే వాడు నాకు అడ్డుపడ్డాడు’ అనరా? అక్కడా మనిషికే కదా! రక్షణ ఎక్కడుంది?

సీరియల్ కేబుల్:
తమ్ముడి అధ్యాయం వైపు నుంచి ఒక మాట. కంట్రోల్-సి కొట్టినప్పుడు తీగ మీద ఏం జరుగుతుందో చూస్తే ఈ పద్యం ఇంకా దగ్గరవుతుంది. జీడీబీ మామూలుగా పంపేదంతా ప్యాకెట్టు: ముందు $, చివర #, దాని వెనక డేటా చెడలేదని సరిచూసే రెండంకెల చెక్‌సమ్. అందితే అవతలి నుంచి + వస్తుంది. ఇంటరప్ట్‌కి ఈ మర్యాదలేవీ లేవు. 03 అనే ఒకే ఒక్క బైటు, $ లేదు, # లేదు, చెక్‌సమ్ లేదు, బట్టబయలుగా వెళ్తుంది. దానికి + కూడా రాదు. ప్రోగ్రాం నిజంగా ఆగితేనే ‘టి02’ లాంటి జవాబు వస్తుంది. ఆ 02 సిగింట్ నంబరు, సిగింట్ అంటే కంట్రోల్-సి కొడితే ప్రోగ్రాంకి వెళ్లే సంకేతం. అదే 03 ప్యాకెట్టు లోపల కనబడితే మాత్రం ఉత్త డేటా, దానికి ఏ ప్రత్యేకతా లేదు. ఏ లాంఛనమూ లేకుండా ఉన్నపళంగా బయల్దేరడం అంటే నాకైతే ‘సిరికిం జెప్పఁడు’ పద్యమే. అధ్యాయం నెత్తిన పెట్టాల్సింది అది.

తార్నాక మాస్టారు:
సిరికిం జెప్పఁడు పెడితే రెండో పాదం జాగ్రత్తగా అచ్చు వేయించండి. సగంమంది ‘అభ్రగపతిన్ మన్నింపఁడు’ అని పాడతారు. ‘బన్నింపఁడు’ ఉండాలి. మత్తేభంలో పద్నాలుగో అక్షరం యతి. పాదం ‘పరివారంబు’ అని ‘ప’తో మొదలైంది. ‘ప’కి ‘బ’ కుదురుతుంది, ‘మ’ కుదరదు. అసలు మాట పన్నించు, అంటే సిద్ధం చేయించు. గరుత్మంతుణ్ణి ప్రయాణానికి సిద్ధం చేయించలేదు అని. కుట్ర పన్నడం, వల పన్నడంలో ఇప్పటికీ బతికున్న ‘పన్ను’ అదే.

చిక్కడపల్లి పాఠకుడు:
యతి సంగతి ఒప్పుకుంటాను మాస్టారూ. అయినా ‘మన్నింపఁడు’లో ఒక అందం ఉంది. ఎదురుగా నిలబడ్డ గరుత్మంతుణ్ణి పలకరించనైనా లేదు అని. పాడేవాళ్ల నాలుక ఊరికే అటు పోలేదు.

తార్నాక మాస్టారు:
అందం ఉండవచ్చు. పోతన యతి తప్పడు.

కూకట్‌పల్లి బోర్డు:
సిరికిం జెప్పఁడు నాకూ ప్రాణమే. కానీ నాకు పేరు కావాల్సింది ఆగడానికి, బయల్దేరడానికి కాదు. పైగా పిల్లలు ఎక్కువ కష్టపడేది జవాబు రానప్పుడు. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న బోర్డు మీద ప్రోగ్రాం తన చిప్పుకి బయటి నుంచి వచ్చే పిలుపులు, అంటే హార్డ్వేర్ ఇంటరప్టులన్నీ మూసేసి లూపులో తిరుగుతుంటుంది. 03 వెళ్తుంది, బోర్డులో సీరియల్ తీగని అందుకునే యూఆర్ట్ దాకా చేరుతుంది, చదివే నాథుడు ఉండడు. మళ్లీ కంట్రోల్-సి కొడితే ‘ఎదురుచూడటం మానేయనా’ అని జీడీబీ అడుగుతుంది. ‘వినియు నూరక యుండిరి’ అక్కడ పనికొస్తుంది అనుకున్నాను.

సీరియల్ కేబుల్:
అది ‘వినియు’ కాదు. స్టబ్, అంటే బోర్డు మీద ఉండి జీడీబీ మాట వినే చిన్న కోడ్, విననేలేదు. బ్రహ్మాదులు విన్నారు, అడ్డపడే శక్తి లేక ఊరుకున్నారు. నీ బోర్డుకి సరిపోయేది ‘కలఁడు కలండనెడివాఁడు కలఁడో లేఁడో’. ఇక మందు సంగతి: ‘సెట్ రిమోట్ ఇంటరప్ట్-సీక్వెన్స్’ అని ఒక కమాండ్ ఉంది. 03 బదులు బ్రేక్ పంపమనవచ్చు. సీరియల్‌లో బ్రేక్ అక్షరం కాదు, ఒక అక్షరం పట్టే సమయం దాటేలా లైనుని కిందికి లాగి పట్టుకోవడం. లినక్స్ కెర్నెల్‌నే డీబగ్ చేస్తుంటే బ్రేక్-జి ఉంది, బ్రేక్ వెనకే ‘జి’ అక్షరం వెళ్తుంది. అయితే అవతల వినడానికి ఎవరూ లేకపోతే ఏది పంపినా ఒకటే. స్టబ్ రాసేటప్పుడే సీరియల్ ఇంటరప్ట్ తెరిచి ఉంచాలి.

జనగామ అక్క:
నాకు ఈ తీగల సంగతి తెలియదు గానీ ఒకటి అడుగుతాను. మామూలుగా కంట్రోల్-సి కొడితే ప్రోగ్రాం చచ్చిపోతుంది కదా? డీబగ్గర్ ఉంటే ఎందుకు చావదు?

సీరియల్ కేబుల్:
మంచి ప్రశ్న అక్కా. సిగింట్‌ని జీడీబీ మధ్యలో పట్టేసుకుంటుంది. ప్రోగ్రాంని ఆపుతుంది, మనకి చెబుతుంది, ప్రోగ్రాంకి మాత్రం అందనివ్వదు. మొదటి నుంచీ ఉన్న అమరిక అదే. ప్రోగ్రాంలోనే కంట్రోల్-సి కోసం రాసుకున్న కోడ్‌ని పరీక్షించాలంటే ‘హ్యాండిల్ సిగింట్ పాస్’ అని మనమే చెప్పాలి.

జనగామ అక్క:
చూశారా! చంపే దెబ్బకీ ప్రోగ్రాంకీ నడుమ నిలబడేది డీబగ్గర్. అడ్డపడింది అదీ, అకారంతో. కంట్రోల్-సి కొట్టిన మనిషి చేసింది అడ్డుపడటం, ఉకారంతో. తమ్ముడూ, రెండు మాటలూ వాడుకో.

చిక్కడపల్లి పాఠకుడు:
ఒక్క అచ్చు మీద ఇంత బరువు మోపడం న్యాయం కాదక్కా. ముందు పాత ముద్రణల్లో ‘అడ్డుపడ’ ఎక్కడైనా ఉందో లేదో చూడాలి. సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం 1901 నుంచి ఉంది, అక్కడ భాగవతం పాత ప్రతులు అడుగుతాను. శబ్దరత్నాకరం నిఘంటువు ఎవరి దగ్గరైనా ఉంటే ‘అడ్డ’ మొదలయ్యే పేజీ ఫోటో పెట్టండి.

తార్నాక మాస్టారు:
నా దగ్గర ఉంది, రేపు పెడతాను. దానికన్నా ముందు ఇంకో పేచీ. ‘విశ్వమయత లేమి’ని అందరూ హేతువుగానే తీసుకుంటున్నారు, తాము విశ్వమయులు కారు కాబట్టి ఊరకున్నారని. ఏనుగు పిలిచింది ఫలానా పేరుతో కాదు, అందరికీ మూలమైనవాణ్ణి. అంటే పిలుపు తమది కాదని తెలిసి ఊరకున్నారా, తమది అయినా చేతకాక ఊరకున్నారా? కేబుల్ గారు ‘శక్తి లేక’ అనేశారు, నేను మొదటిదే అంటాను.

సీరియల్ కేబుల్:
మాస్టారూ, అలాగైతే మరి ‘అడ్డపడక’ అని విడిగా చెప్పడం ఎందుకు? పిలుపే తమది కానప్పుడు అడ్డపడే ప్రసక్తి రాదు కదా.