సంక్రాంతి నుంచి ముట్టు రాలేదు, ఒళ్లంతా సెగలు. ఏ టెస్టు చేయించాలి?

పలాస_జీడిపప్పు: నాకు 47. జీడిపిక్కలు కొట్టే చోట ఎలాగూ ఉడుకే, కానీ ఇది వేరు. గుండెల దగ్గర మొదలై మెడ, చెవుల దాకా ఎగదన్నుతుంది. జాకెట్టు తడిసిపోతుంది, వెంటనే చలి. రాత్రుళ్లు నిద్ర లేదు.

బొబ్బిలి_వదిన: నాకూ ఇంతేనమ్మా. 45 దాటితే హార్మోన్ టెస్టు అక్కర్లేదంది మా డాక్టరమ్మ. ఎఫ్‌ఎస్‌హెచ్ అని అండాశయాల్ని నడిపే హార్మోన్ ఉందిలే, అది ఈ నెల ఒకలా, వచ్చే నెల ఇంకోలా ఉంటుందట. థైరాయిడ్, రక్తం, షుగర్ మాత్రం చూసింది. థైరాయిడ్ ఎక్కువుందని తేలింది. మాత్రలతో గుండెదడ తగ్గింది, సెగలు తగ్గలేదు!

రాజాం_నర్సు: నవ్వకండి, ముందు గర్భం టెస్టు చేయించుకోండి. వరసగా 12 నెలలు రాకపోతేనే ముట్లు ఆగినట్టు. ఆ తర్వాత ఒక్క చుక్క కనబడినా స్కానింగ్‌కి వెళ్లాల్సిందే. సెగలకి హార్మోన్ మందులు బాగా పనిచేస్తాయి. గర్భసంచి ఉన్నవాళ్లకు ఈస్ట్రోజన్ ఒక్కటే ఇవ్వరు, ప్రొజెస్టరాన్ కలుపుతారు. లేదంటే లోపలి పొర మందమై క్యాన్సర్ ముప్పు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకి, రక్తం గడ్డకట్టే జబ్బున్నవాళ్లకి మామూలుగా ఇవ్వరు, వేరే మాత్రలున్నాయి.

చీపురుపల్లి_కోడలు: మా తోటికోడలికి 38కే గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేశారు. "పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకు" అన్నారట. వారం తిరక్కుండానే సెగలు. ఇలా చిన్న వయసులో తీసేస్తే ఎముకల కోసమైనా హార్మోన్ వాడాలని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఒళ్లు మండిపోతుంది నాకు.

పేరు_వద్దు: కలయికప్పుడు మంట, మాటిమాటికీ మూత్రం. సిగ్గుపడి చాలాకాలం చెప్పలేదు. లోపల రాసుకునే ఈస్ట్రోజన్ క్రీముతో తగ్గింది.

కవిటి_కొబ్బరి: కీళ్ల నొప్పులకి షాపులో నొప్పి బిళ్లలు కొనేయకండి. మనది ఉద్దానం, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న చోటు. క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే రక్తం టెస్టు) చూపించుకోకుండా వేసుకుంటే కిడ్నీలకి చేటు. కాల్షియం మాత్రలూ అంతే, కిడ్నీ తేడా ఉంటే అడిగే వాడాలి. ఏ తేడా లేనివాళ్లు చోడి (రాగి) అంబలి తాగండి, అందులో కాల్షియం బాగా ఉంటుంది.

పలాస_జీడిపప్పు: గర్భం టెస్టు అనగానే మా ఆయన ముఖం చూడాలి! నర్సమ్మా, ఆసుపత్రికి ఏమేం పట్టుకెళ్లాలి?

రాజాం_నర్సు: ముట్టు తేదీలు, సెగలొచ్చే వేళలు కాగితం మీద రాసుకో. వాడే మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకెళ్లు. బీపీ అక్కడ చూస్తారు.