అమ్మానాన్నలతో అలాస్కా క్రూజ్: సియాటెల్ నుంచా, వాంకూవర్ నుంచా? డెనాలి కలపాలా, వద్దా?

ప్రశ్న (డాలస్ నుంచి)

అందరికీ నమస్కారం. అమ్మానాన్న ఏప్రిల్ చివర్లో ఖమ్మం నుంచి వస్తున్నారు. విజిటర్ వీసా, ఆర్నెల్లుంటారు. పోయినసారి నయాగరా, న్యూయార్క్ అయిపోయాయి. ఈసారి అలాస్కా చూపిద్దామని మా ఆవిడా నేనూ అనుకున్నాం.

నాన్నకి 68. మోకాళ్ల నొప్పులు. చదునుగా ఉంటే అరకిలోమీటరు నడుస్తారు, మెట్లు మాత్రం కష్టం. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. పాపకి ఆరేళ్లు, ఇక్కడే పుట్టింది. నాది హెచ్‌1బీ, మా ఆవిడది హెచ్‌4. ఇద్దరికీ పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు తీరి ఏడాది దాటింది, ఐ-94 (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) మాత్రం ఉంది. నాకు దొరికే సెలవు 11 రోజులు, శని ఆదివారాలు కలుపుకుని.

సియాటెల్ నుంచి వెళ్లి రావడం మంచిదా, కెనడాలోని వాంకూవర్ వైపు చూడాలా? ఏ నెల? బాల్కనీ గదికి అంత డబ్బు పెట్టడం దండగా? డెనాలి (అలాస్కా లోపలి నేషనల్ పార్కు, అందులోని పెద్ద మంచు శిఖరం) కలపమని అందరూ అంటున్నారు, కుదురుతుందా? ఇంకోటి, ఒక ట్రావెల్ ఏజెంట్ "సియాటెల్‌లో ఎక్కి సియాటెల్‌లోనే దిగుతారు, కెనడా వీసా అక్కర్లేదు" అన్నాడు. నిజమేనా?

జవాబు (సియాటెల్ నుంచి)

ఆ ఏజెంట్ మాట నమ్మకండి. ముందు అది తేల్చుకోకుండా ఒక్క డాలరు కూడా కట్టొద్దు.

అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటుంది. విదేశీ జెండా కట్టుకున్న ఓడ అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని తిరిగి అక్కడే దింపాలంటే మధ్యలో ఒక విదేశీ రేవును తాకాలి. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, బెర్ముడా, నెదర్లాండ్స్ లాంటి జెండాలవే. అందుకే సియాటెల్ నుంచి బయలుదేరే ఓడ ఎక్కువగా చివరి రోజు సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో నాలుగైదు గంటలు ఆగుతుంది. మీరు కిందికి దిగకుండా గదిలోనే పడుకున్నా సరే, ఇండియన్ పాస్‌పోర్టుకి కెనడా వీసా కావాల్సిందే. లేకపోతే సియాటెల్‌లో ఓడ ఎక్కనివ్వరు. మా అత్తామామల విషయంలో మేమూ ఈ తప్పే చేయబోయాం. ఆఖరి వాయిదా కట్టే ముందు ఎందుకో అనుమానమొచ్చి అడిగితే బయటపడింది.

గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి కెనడా వీసా అక్కర్లేదు, కార్డూ పాస్‌పోర్టూ ఉంటే చాలు. మీ పాప ఇక్కడే పుట్టిన అమెరికా పౌరురాలు, తనకీ అక్కర్లేదు. మీకు, మీ ఆవిడకి, అమ్మానాన్నలకి, నలుగురికీ కావాలి. అమ్మానాన్నలు ఇండియాలో ఉండగానే అప్లై చేయించండి. ఇక్కడికొచ్చాక కూడా చేయొచ్చు గానీ వేలిముద్రలు, పాస్‌పోర్టు పంపడం, తిరిగి రావడం, అంతా టెన్షన్.

మీ స్టాంపింగ్ సంగతి. కెనడాలో 30 రోజులకి మించకుండా ఉండి వచ్చేవాళ్లకి, ఐ-94 చెల్లుబాటులో ఉంటే, గడువు తీరిన వీసాతోనే అమెరికాలోకి తిరిగి రానిచ్చే పద్ధతి ఉంది. ఆటోమేటిక్ రీవాలిడేషన్ అంటారు. ఒక షరతు: ఆ ట్రిప్పులో అమెరికా వీసాకి కొత్తగా అప్లై చేయకూడదు. ఐ-94 ప్రింటు, ఐ-797 (హెచ్‌1బీ, హెచ్‌4 ఆమోదపత్రం) చేతిలో ఉంచుకోండి. మీ ఆఫీసు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని ఒక మెయిల్‌తో అడిగి, ఆ జవాబు కూడా ప్రింటు తీసి పెట్టుకోండి. చెకిన్ కౌంటర్‌లో ఉన్నవాళ్లకి ఈ రూలు తెలియకపోవచ్చు. అమ్మానాన్నలకైతే, కెనడా వెళ్లొచ్చారు కదా మళ్లీ కొత్తగా ఆర్నెల్లు ఇస్తారని లెక్క వేసుకోకండి.

జవాబు (మూడేళ్లు ఆంకరేజ్‌లో ఉన్నాను, ఇప్పుడు హ్యూస్టన్)

వీసా ఎలాగూ నలుగురికీ తీసుకోవాల్సిందే కాబట్టి ఇక సియాటెల్‌కే అతుక్కోవాల్సిన పని లేదు. నన్నడిగితే అలాస్కాలోని ఆంకరేజ్ వైపు ఎక్కి వాంకూవర్‌లో దిగండి.

సియాటెల్ రౌండ్ ట్రిప్‌లో ఓడ ఎక్కువగా వాంకూవర్ ద్వీపానికి పడమటి పక్కన, సముద్రం మీదుగా వెళ్తుంది. వెళ్లేటప్పుడొక రోజు, వచ్చేటప్పుడొక రోజు నీళ్లు తప్ప ఏమీ కనబడవు, ఊపు కూడా ఉంటుంది. వాంకూవర్ వైపు దారి దీవుల మధ్య నుంచి సాగుతుంది. రెండు పక్కలా కొండలు, అడవులు, జలపాతాలు. అలాస్కా గల్ఫ్ దాటే ఒక రోజు మాత్రం సముద్రం కాస్త గరుగ్గా ఉండొచ్చు. నాన్నగారికి కడుపులో తిప్పే అలవాటుంటే కింది డెక్కుల్లో, ఓడ మధ్యలో ఉన్న గది తీసుకోండి.

ఇక్కడ జనం బోల్తా పడే మాట ఒకటుంది. టికెట్ మీద "ఆంకరేజ్" అని రాసి ఉంటుంది గానీ ఓడ ఆ ఊరికి రాదు. విట్టియర్‌లోనో సీవార్డ్‌లోనో ఆగుతుంది. విట్టియర్ ఆంకరేజ్‌కి దాదాపు 60 మైళ్లు, సీవార్డ్ 127 మైళ్లు. విట్టియర్‌కి రెండున్నర మైళ్ల సొరంగంలోంచి వెళ్లాలి. అందులో ఒకటే వరస, రైళ్లూ కార్లూ అదే దారిలో, వంతులవారీగా వదులుతారు. మీ వంతు తప్పితే ఇంకో గంట. ఊళ్లో జనం దాదాపు అందరూ ఒకే పెద్ద అపార్ట్‌మెంట్ భవనంలో ఉంటారు. మా ఆవిడ అది చూసి "ఊరంతా ఒకే గేటెడ్ కమ్యూనిటీ" అంది.

డెనాలి లెక్క చూద్దాం. ఏడు రాత్రుల క్రూజ్ అంటే క్యాలెండర్‌లో ఎనిమిది రోజులు. మీకు మిగిలేది మూడు. ఆంకరేజ్ నుంచి డెనాలి పార్కు 237 మైళ్లు, కారులో నాలుగైదు గంటలు, రైలులో ఏడున్నర గంటల పైమాటే. వెళ్లడానికొక రోజు, బస్సు టూర్‌కొక రోజు, రావడానికొక రోజు. మరి డాలస్ నుంచి ఆంకరేజ్ చేరిన రోజు? అది లెక్కలో లేనే లేదు. పార్కులో సొంత కారు మొదటి 15 మైళ్ల దాకే, ఆపైన వాళ్ల బస్సే ఎక్కాలి. 92 మైళ్ల పార్కు రోడ్డు 2021 ఆగస్టులో కొండచరియ జారి 43వ మైలు దగ్గర మూతపడింది, అక్కడ వంతెన పని పెట్టారు. ఇప్పుడు బస్సు ఎంతవరకు పోతోందో చూసుకునే బుక్ చేయాలి. ఇంతా చేసి ఆ శిఖరం కనబడేది వచ్చినవాళ్లలో సుమారు మూడోవంతు మందికే. మిగతావాళ్లకి మబ్బులే.

మోకాళ్ల నొప్పులున్న మనిషిని ఐదారు గంటలు స్కూల్ బస్సు లాంటి బస్సులో కూర్చోబెట్టడం నాకైతే ఇష్టం లేదు.

దాని బదులు ఇలా చేయండి. మొదటి రోజు ఆంకరేజ్. వేసవిలో డాలస్ నుంచి నేరుగా విమానముంటుంది. రెండో రోజు పొద్దున్నే ఆకాశం చూడండి. తేటగా ఉంటే కారు తీసుకుని టాల్కీట్నా అనే ఊరికి వెళ్లండి, 115 మైళ్లు, రెండున్నర గంటలు. మబ్బు లేకపోతే శిఖరం అక్కడి నుంచే కనబడుతుంది. చిన్న విమానంలో దాని చుట్టూ తిప్పి తెస్తారు కూడా, ఖర్చెక్కువే. మబ్బుగా ఉంటే ఆ ప్రయాణం మానేయండి. మూడో రోజు టర్నగైన్ ఆర్మ్ అనే సముద్రపు పాయ పక్కనే రోడ్డు మీద వెళ్తూ పోర్టేజ్ దగ్గర అలాస్కా వైల్డ్‌లైఫ్ కన్సర్వేషన్ సెంటర్‌లో ఆగండి. ఎలుగుబంట్లు, దుప్పులు, అడవిదున్నలు, చాలావరకు కారులోంచే చూడొచ్చు. మీ పాప ట్రిప్ మొత్తంలో గుర్తుపెట్టుకునేది ఇదే అవుతుందని నా పందెం. కారు ఆంకరేజ్‌లోనే తిరిగి ఇచ్చేయండి, నాలుగో రోజు ఓడ దగ్గరికి బస్సులోనో రైల్లోనో వెళ్లండి. పదకొండో రోజు పొద్దున వాంకూవర్‌లో దిగుతారు.

నేల మీది తిరుగుడు ముందు పెట్టమనడానికి కారణం ఒకటే. పెద్దవాళ్లు ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే తిరగగలరు. తర్వాత ఓడలో వారం రోజులు పెట్టె విప్పక్కర్లేదు, సర్దక్కర్లేదు.

జవాబు (ఇంకొకరు)

డెనాలి చూడకుండా అలాస్కా వెళ్లొచ్చామని ఎలా చెప్పుకుంటామండీ? మేము వెళ్లాం, శిఖరం కనబడింది, జన్మ ధన్యం. ఇంకో రెండు రోజులు సెలవు పొడిగించండి.

జవాబు (మూడేళ్లు ఆంకరేజ్‌లో ఉండి హ్యూస్టన్ వచ్చినవారు)

13 రోజులు దొరికితే మీ మాటే నా మాట. పార్కు గేటు దగ్గర రెండు రాత్రులు ఉంటేనే వెళ్లాలి, ఒక్క రాత్రి కోసం వద్దు. సెలవు దొరక్కపోతే మాత్రం ఎనిమిది గంటల డ్రైవింగ్ చేసి మబ్బులు చూసి వస్తారు. మీకు కనబడింది, మాకు నాలుగుసార్లు వెళ్తే ఒక్కసారి కనబడింది.

జవాబు (బే ఏరియా నుంచి, మా అత్తగారితో వెళ్లొచ్చాం)

నెల సంగతి చెప్తాను. ఆగ్నేయ అలాస్కాలో మే, జూన్ మొదట్లో వాన తక్కువ, సెప్టెంబరు వచ్చేసరికి కుండపోత. ఓడలు ఆగే కెచికాన్ ఊళ్లో ఏడాదికి 140 అంగుళాల పైన కురుస్తుందంటే చూసుకోండి. మీ డాలస్ స్కూళ్లకి మే చివర్లోనే సెలవులిస్తారు కాబట్టి జూన్ మొదటి వారం ఖాయం చేసుకోండి. కొండల మీద మంచు ఇంకా ఉంటుంది, దోమలు ముదరవు. సాల్మన్ చేపలు ఏటికి ఎదురీదడం, వాటికోసం ఎలుగులు రావడం చూడాలంటే జులై, ఆగస్టు. ఒక సంగతి మర్చిపోకండి, జూన్‌లో ఆంకరేజ్‌లో రాత్రి పదకొండున్నరకి గానీ పొద్దు గుంకదు. మా అత్తగారు "ఇంకా చీకటి పడలేదు, అప్పుడే అన్నమేంటి" అని కూర్చునేవారు. కళ్లకి కట్టుకునే గంతలు కొనండి.

బాల్కనీ విషయంలో, పెద్దవాళ్ల గదికి తీసుకోండి, మీది లోపలి గది చాలు. గ్లేసియర్ బే (మంచు నదులు దిగే సముద్రపు పాయ) రోజున ఓడ ఏ రేవులోనూ ఆగదు, రోజంతా ఆ పాయలోనే తిరుగుతుంది. పార్కు రేంజర్లు ఓడెక్కి మైకులో వివరిస్తారు. మంచు గోడ విరిగి నీళ్లలో పడితే ముందు కనబడుతుంది, ఉరుములాంటి చప్పుడు తర్వాత వస్తుంది. పై డెక్ మీద గాలి కోసేస్తుంది, మీ నాన్నగారి లాంటివాళ్లు దుప్పటి కప్పుకుని బాల్కనీలో కూర్చుని చూడొచ్చు. రోజుకి రెండు పెద్ద ఓడలనే అక్కడికి రానిస్తారు, అందుకని బుక్ చేసేముందు మీ ఓడ గ్లేసియర్ బే వెళ్తుందో లేదో చూసుకోండి. మిగతా ఓడలు హబ్బర్డ్ గ్లేసియర్‌కో ఇంకోచోటికో తీసుకెళ్తాయి. హబ్బర్డ్ కూడా గొప్పదే.

బట్టలు: జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. పల్చటివి మూడు పొరలు, పైన వాన జాకెట్. గొడుగు గాలికి తిరగబడుతుంది. అమ్మగారు చీర కడితే లోపల థర్మల్స్, కాళ్లకి మేజోళ్లు, బూట్లు. మా అత్తగారు మొదటి రోజు సిగ్గుపడ్డారు, రెండో రోజు నుంచి బూట్లు విప్పలేదు.

ప్రశ్నించినవారు

కళ్లు తెరిపించారండీ, ఏజెంట్‌కి ఫోన్ చేసి కడిగేశాను. ఇంకో రెండు అడుగుతా. నాన్నకి పనికొచ్చే ఎక్స్‌కర్షన్లు (రేవుల్లో దిగి చేసే టూర్లు) ఏవి? అవి ఓడవాళ్ల దగ్గరే కొనాలా, బయట కొంటే చవక కదా?

జవాబు (సియాటెల్ నుంచి)

స్కాగ్వే రేవులో వైట్ పాస్ రైలు, కళ్లు మూసుకుని కొనేయండి. బంగారం కోసం జనం ఎగబడ్డ రోజుల్లో, 1898లో మొదలుపెట్టి 1900కి పూర్తి చేసిన చిన్న గేజి లైను. కూర్చున్నచోటు నుంచే లోయలు, వంతెనలు. పైకి వెళ్లేటప్పుడు ఎడమ పక్కన కూర్చోండి. కొన్ని ట్రిప్పులు కెనడా లోపలికి పోతాయి, వాటికి పాస్‌పోర్టులు కావాలి. సమ్మిట్ దాకా వెళ్లి వచ్చేది చాలు.

జూనో రేవులో మెండెన్‌హాల్ గ్లేసియర్, తిమింగలాలు చూపించే బోటు. గ్లేసియర్ ఊరికి 12 మైళ్లు, విజిటర్ సెంటర్ దగ్గర్నుంచే కనబడుతుంది, దూరం నడవక్కర్లేదు. తిమింగలాల బోటు లోపల కూర్చునే చోటున్నదే చూసి తీసుకోండి. హెలికాప్టర్ మీద ఆశలు పెట్టుకోవద్దు, మబ్బు దిగితే ఆ పొద్దున్నే రద్దు చేస్తారు.

బయట చవకే. ఓడవాళ్ల టూర్ ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మనం సొంతంగా వెళ్లి ఆలస్యమైతే ఆగదు. జూనోకి బయటి నుంచి రోడ్డే లేదు, విమానమో ఇంకో పడవో పట్టుకుని తర్వాతి రేవుకి పరిగెత్తాలి. బయట కొంటే ఓడ బయలుదేరే టైముకి రెండు గంటల ముందే ముగిసేది కొనండి. ఫోన్ గడియారం, ఓడ గడియారం ఒకటేనో కాదో రోజూ చూసుకోండి, అలాస్కా టైము సియాటెల్ కన్నా గంట వెనక.

టిప్పులు మనిషికి రోజుకి చాలా ఓడల్లో 17 నుంచి 20 డాలర్లు. ఐదుగురికి వారానికి సుమారు 600 నుంచి 700 అవుతుంది, బడ్జెట్‌లో రాసుకోండి. అమ్మానాన్నల ఇన్సూరెన్స్‌లో ఓడ మీద వైద్యం, హెలికాప్టర్‌లో తరలించడం కలిసి ఉన్నాయో లేదో అడగండి. మామూలు విజిటర్ పాలసీలు కొన్నింట్లో ఉండవు.

ప్రశ్నించినవారు

అయితే ఆంకరేజ్ నుంచి వాంకూవర్, జూన్ మొదటి వారం, డెనాలి లేదు. కెనడా వీసా పని ఇవాళే మొదలు. అమ్మ అడుగుతోంది, రైస్ కుక్కర్ తెచ్చుకోనా అని. కుక్కర్ కాకపోతే కెటిలైనా?

జవాబు (బే ఏరియా నుంచి)

రెండూ వద్దండీ. వేడి చేసేది ఏదైనా స్కానింగ్‌లో పట్టుకుని, చివరి రోజు చేతికిస్తారు. బుక్ చేయగానే "ఇండియన్ వెజిటేరియన్, నో ఎగ్" అని రాతపూర్వకంగా పంపండి. మొదటి రాత్రే డైనింగ్ రూమ్‌లో హెడ్ వెయిటర్‌ని కలిసి చెప్పండి. ముందు రోజు రాత్రి అడిగితే మర్నాటికి పప్పు, కూర చేసి పెడతారు. మా ఓడ వంటగదిలో మనవాళ్లే ఉన్నారు, మూడో రోజుకి మా అత్తగారిని "అమ్మా" అని పిలుస్తున్నారు. కారం మాత్రం మన లెక్కకి రాదు. సీలు తియ్యని కారప్పొడి, గోంగూర పచ్చడి ప్యాకెట్లు చాలు. ఇంట్లో పట్టిన పచ్చడి కొన్ని ఓడల్లో ఒప్పుకోరు.

బఫే దగ్గర వేడినీళ్లు దొరుకుతాయి. ఒక మంచి స్టీలు ఫ్లాస్కు తెచ్చుకోమనండి.