అడుగు పొడవు దాటిన సక్కర్ చేపను ఏం చేయాలి?

నాలుగేళ్ల కిందట "అక్వేరియం అద్దానికి పట్టిన నాచు తింటుంది" అని షాపువాడు చెబితే వేలెడంత సక్కర్ చేప తెచ్చాను. ఇప్పుడు అడుగు దాటింది. మాది మూడడుగుల ట్యాంకు. తిరగబోయినప్పుడల్లా తోక అద్దానికి కొట్టుకుంటోంది, రాత్రిళ్లు టప్‌టప్‌మని ఒకటే చప్పుడు. మావారేమో చెరువులో వదిలేద్దామంటున్నారు. హాయిగా బతుకుతుంది కదా, తప్పంటారా?

జవాబు: వదలొద్దమ్మా. మాకు కైకలూరు దగ్గర చేపల చెరువులున్నాయి. దీని సొంతూరు దక్షిణ అమెరికా, ఇక్కడ దెయ్యం చేప అంటాం. ఒళ్లంతా ముళ్ల పెంకు, వల చింపేస్తుంది. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. సంతలో ఎవరూ కొనరు.

జవాబు: అమ్మినవాడికే తిరిగిచ్చేయండి.

అడిగానండీ. "ఇంత పెద్దది నాకెందుకమ్మా" అన్నాడు, ఇంకొకరికి అవే పిల్లలు కవర్లో కట్టిస్తూ!

జవాబు: మా పెరట్లో వెయ్యి లీటర్ల సిమెంటు తొట్టి ఖాళీగా ఉంది, తెచ్చేయండి. బకెట్‌కు మూత మాత్రం మరవకండి, ఎగిరి దూకుతుంది.