లూకా 2:7: సత్రపు తలుపు మూసినదెవరు?

హనుమకొండ నుండి: క్రిస్మస్ నాటికలో సత్రపు యజమాని చోటు లేదని మరియ యోసేపులను పంపివేసే ఘట్టానికి మూలవచనం నోటిదాకా వచ్చి ఆగిపోతున్నది. "సత్రములో వారికి చోటు లేనందున" అనా, "స్థలము లేనందున" అనా?

జనగామ నుండి: "స్థలము" అనే ఉన్నది. యజమాని మాత్రం ఏ సువార్తలోనూ లేడు. అతడు నాటికల్లో పుట్టినవాడు. మనం సత్రమన్న చోట గ్రీకు మూలంలో ఉన్న "కటాలుమా" అనే మాట లూకా 22:11లో మళ్ళీ వస్తే మన అనువాదకులు "విడిది గది" అన్నారు. డబ్బు పుచ్చుకొని బస ఇచ్చే చోటికి లూకా వేరే మాట వాడాడు. మంచి సమరయుని కథలో అది "పూటకూళ్లవాని యిల్లు" అయింది. కనుక ఇక్కడ కూడా విడిది గదే.

కరీంనగర్ నుండి: అంత తొందరగా తీర్పు చెప్పకండి సార్. నిర్గమకాండము 4:24లో మోషే ప్రయాణమధ్యంలో ఆగిన బసకు పాత గ్రీకు అనువాదం కటాలుమా అనే అన్నది. అది చుట్టాలింటి గది కాదు కదా. అలాగని సత్రమే అనకుండా నన్ను ఆపేది 6వ వచనం. "వారక్కడ ఉన్నప్పుడు" ప్రసవదినాలు నిండాయని ఉన్నదే తప్ప, ఊరు చేరిన రాత్రే కాన్పు అయిందని లేదు.

మంచిర్యాల నుండి: శిశువును పరుండబెట్టిన పశువుల తొట్టి అనగానే మనం కొట్టాన్ని కట్టేస్తాం. వచనంలో కొట్టం లేదు. పాలస్తీనా పల్లె ఇళ్ళలో రాత్రివేళ పశువులను ఇంటిలోనే పల్లపు భాగంలో కట్టి, మనుషులు పడుకునే గచ్చు అంచున తొట్లు అమర్చుకొనేవారు.

జనగామ నుండి: మన ఊరిని గ్రంథంలోకి తెచ్చుకోవడం పోతన పాఠకులకూ ఉన్న అలవాటే. పోతన ఊరుగా చెప్పే ఏకశిలానగరమంటే మనకు ఓరుగల్లు, కడపవారికి ఒంటిమిట్ట. ఓరుగల్లు అంటేనే ఒంటిరాయి. ఒంటిమిట్ట అనే పేరులో ఉన్నది మిట్టే గాని రాయి కాదు.

కరీంనగర్ నుండి: ఒంటిమిట్ట గుడిలో సీతారామలక్ష్మణులు ఒకే శిలలో ఉన్నారు; ఆ సంగతి దాటవేసి ఓరుగల్లు ప్రాంతపు బమ్మెరను గెలిపించలేరు. బమ్మెరే పోతన ఊరని నేనూ నమ్ముతాను, అది వేరే విషయం.

హనుమకొండ నుండి: పెద్దలారా, యజమాని వేషం వేసే పిల్లవాడికి మాటలు ఉంచాలా, తీసివేయాలా?

జనగామ నుండి: తీసివేసి, చుట్టాలతో కిక్కిరిసిన ఇల్లు చూపించండి.

కరీంనగర్ నుండి: చూపించేముందు నిర్గమకాండము 4:24కు జవాబు చెప్పాలి సార్.